కళ్లు దురద పెడుతున్నాయా? చుక్కలు వేసే ముందు సీసా మీద పేరు చూడండి

(పల్లె దవాఖానలో జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక కంటి పరీక్షల అధికారి చేసిన ప్రసంగ పాఠం. ఫోనులో చదువుకోవడానికి, ఇంట్లో వాళ్లకు చదివి వినిపించడానికి వీలుగా ఇస్తున్నాం.)

ఈ రోజు చెప్పేది చిన్న విషయంలా అనిపిస్తుంది. కంటి దురద. జ్వరం కాదు, దెబ్బ కాదు. మెడికల్ షాపుకు వెళ్లి "కళ్లు దురద పెడుతున్నాయి, చుక్కలు ఇయ్యి" అంటే ఒక సీసా చేతిలో పెడతారు. ఇంటికొచ్చి వేసుకుంటాం, తగ్గిపోతుంది. ఆ "తగ్గిపోతుంది" అన్న మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. ముందు ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను.

ఒక సీసా కథ

బాబుకు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. ఎండలు మొదలవగానే కళ్లు నలుపుకోవడం, ఎర్రబడటం, తీగలా సాగే తెల్లటి పుసి రావడం. తల్లి షాపుకు వెళ్లి చుక్కలు తెచ్చింది. రెండు రోజుల్లో కళ్లు తెల్లగా అయ్యాయి. మళ్లీ దురద వచ్చింది. ఖాళీ డబ్బా చూపించి అదే మందు తెచ్చింది. అలా రెండేళ్లు గడిచాయి. ఏ సీసాకూ డాక్టర్ చీటీ లేదు.

తర్వాత బాబు ఆడుకుంటూ పక్కనున్న బల్లకు, గోడకు తగులుకోవడం మొదలుపెట్టాడు. పక్క నుంచి వచ్చే బండి కనిపించడం లేదు. తల్లి మా దగ్గరికి తెచ్చింది. కంటి ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంది. పెద్దాసుపత్రికి పంపిస్తే కంటి నరం దెబ్బతిన్నదని తేలింది. నీటి కాసుల వ్యాధి. పోయిన చూపు తిరిగి రాలేదు. మిగిలిన చూపు పోకుండా ఇప్పుడు వైద్యం జరుగుతోంది.

ఆ తల్లి నాతో ఒకే మాట అన్నది: "సుక్కలేస్తే తగ్గింది గద సారూ, అందుకే మల్ల అవే తెచ్చిన."

ఆమెది తప్పని నేను అనలేదు, ఇప్పుడూ అనను. తగ్గింది కాబట్టి మంచి మందే అనుకున్నది. మనలో ఎవరమైనా అలాగే అనుకుంటాం. కానీ ఆ సీసాలో ఉన్నది స్టిరాయిడ్. దురదకు అంత పెద్ద మందు రెండేళ్లపాటు ఎవరూ చూడకుండా పడింది. అందుకే ఈ రోజు మీరు ఇంకేం మరిచిపోయినా సరే, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి: దురద తగ్గినంత మాత్రాన అది సరైన మందు కాదు. సీసా మీద పేరు చూడాలి.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది అలర్జీయేనా?

కంటి అలర్జీకి ముఖ్యమైన గుర్తు దురద. నలుపుకోవాలని బలంగా అనిపిస్తుంది. సాధారణంగా రెండు కళ్లకూ వస్తుంది. నీళ్లు కారతాయి, రెప్పలు కొద్దిగా ఉబ్బుతాయి. కొందరికి తుమ్ములు, ముక్కు కారడం కూడా తోడవుతాయి. ఏటా అదే కాలంలో తిరిగి వస్తుంటే అలర్జీ అని అనుమానించాలి.

దేనివల్ల వస్తుంది? దుమ్ము, పరుపుల్లో ఉండే కంటికి కనిపించని పురుగులు, పూల పుప్పొడి, పెంపుడు జంతువుల వెంట్రుకలు. మన చేల గట్ల మీద, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ మొక్క చాలామందికి పడదు. మిరప కల్లం దగ్గర ఘాటు, పొయ్యి పొగ, దోమల చక్రం పొగ కూడా కళ్లను మండిస్తాయి. అయితే ఘాటుకు, పొగకు వచ్చే మంట వేరు, అలర్జీ దురద వేరు. పొగ దగ్గర నుంచి పక్కకు వచ్చి కళ్లు కడుక్కుంటే మంట తగ్గుతుంది. దానికి చుక్కల మందు అక్కర్లేదు.

కళ్ల కలక కూడా వేరు. అందులో పుసి చిక్కగా పసుపుపచ్చగా రావచ్చు, పొద్దున లేవగానే రెప్పలు అతుక్కుపోతాయి. ఒక కంటితో మొదలై రెండోదానికి, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. అలర్జీ మాత్రం అంటుకోదు. అలర్జీ ఉన్న పిల్లవాణ్ని బడిలో దూరంగా కూర్చోబెట్టాల్సిన పని లేదు.

యాంటీహిస్టమిన్ చుక్కలు ఏం చేస్తాయి?

పడని వస్తువు కంటికి తగిలినప్పుడు మన ఒంట్లోని కొన్ని కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దురద, ఎరుపు, నీరు చాలావరకు దానివల్లే. యాంటీహిస్టమిన్ అంటే ఆ హిస్టమిన్‌ను అడ్డుకునే మందు. ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న ఓలోపటడిన్, కెటోటిఫెన్ లాంటి చుక్కలు రెండు పనులు చేస్తాయి. బయటికొచ్చిన హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి, కొత్తగా రాకుండా ఆ కణాలను శాంతపరుస్తాయి. వేసిన కొద్ది నిమిషాల్లోనే దురద తగ్గడం మొదలవుతుంది.

వీటిలో స్టిరాయిడ్ ఉండదు. కంటి ఒత్తిడి పెరుగుతుందన్న భయం వీటితో లేదు. అయినా ఇవి మందులే. డాక్టర్ చూసి రాశాకే వాడాలి, చెప్పినన్ని సార్లే వేయాలి. ఓలోపటడిన్ 0.1 శాతం అయితే సాధారణంగా రోజుకు రెండుసార్లు, 0.2 శాతం అయితే రోజుకు ఒక్కసారే. కెటోటిఫెన్ రోజుకు రెండుసార్లు. దురద ఎక్కువగా ఉందని ఆరుసార్లు వేస్తే ఆరింతలు తగ్గదు. మూడేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు డాక్టర్‌ను అడగకుండా ఏ చుక్కలూ వేయవద్దు.

వేయగానే కొద్దిగా చురుక్కుమనడం, కాసేపు మసకగా కనిపించడం, గొంతులో చేదు తగలడం మామూలే. చూపు తేటపడేదాకా బండి నడపకండి, యంత్రాల దగ్గర పని చేయకండి. వేసిన ప్రతిసారీ మంట, ఎరుపు పెరుగుతూ పోతే మాత్రం ఆపేసి డాక్టర్‌కు చూపించండి.

అన్ని చుక్కలూ ఒకటి కావు

షాపులో అన్నీ ఒకే రకం చిన్న తెల్ల సీసాలు. లోపల ఉన్నవి వేరు వేరు. మీరు తెలుసుకోవాల్సినవి మూడు రకాలు.

మొదటిది, ఇప్పుడు చెప్పుకున్న యాంటీహిస్టమిన్.

రెండోది, ఎరుపు పోగొట్టే చుక్కలు. వీటిలో నాఫజోలిన్ లాంటి మందు ఉంటుంది. రక్తనాళాలను కుదించి కన్ను తెల్లగా కనిపించేలా చేస్తుంది. రోజుల తరబడి వాడితే మందు ఆపగానే ఎరుపు ముందుకంటే ఎక్కువగా తిరిగి వస్తుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ వస్తుంది. కొన్నింటిలో దీనికి యాంటీహిస్టమిన్ కూడా కలిపి అమ్ముతారు. కాబట్టి "అలర్జీ చుక్కలు" అని ఇచ్చినా పేరు చూడాలి. కొన్ని రకాల నీటి కాసులు ఉన్నవారికి ఇవి ప్రమాదం.

మూడోది, స్టిరాయిడ్ చుక్కలు. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథోలోన్, లోటెప్రెడ్నాల్. ఈ ఐదు పేర్లలో ఏది ఉన్నా అది స్టిరాయిడే. చాలాసార్లు యాంటీబయాటిక్‌తో కలిపి ఉంటుంది, అందుకే "ఇన్‌ఫెక్షన్ చుక్కలు" అనుకొని వాడేస్తాం. డాక్టర్ చూడకుండా ఎక్కువ కాలం వాడితే కంటి ఒత్తిడి పెరిగి నీటి కాసులు రావచ్చు, శుక్లం రావచ్చు. ఒత్తిడి పెరుగుతున్నప్పుడు నొప్పి ఉండకపోవచ్చు. పిల్లలకు అసలు తెలియదు.

అలాగని స్టిరాయిడ్ విషం కాదు. అలర్జీ తీవ్రంగా ఉన్నప్పుడు కంటి డాక్టరే కొద్ది రోజులకు రాస్తారు, ఒత్తిడి కొలుస్తారు, మెల్లగా తగ్గిస్తారు. డాక్టర్ రాసిన స్టిరాయిడ్‌ను ఈ ప్రసంగం విని మధ్యలో ఆపేయకండి. వెళ్లి అడగండి. వద్దనేది ఒక్కటే: పాత చీటీ, పాత డబ్బా చూపించి మళ్లీ మళ్లీ తెచ్చుకోవడం.

ఇంకో మాట, ముఖ్యంగా వరి కోతలకు, ధాన్యం తూర్పారబట్టడానికి వెళ్లేవాళ్లకు. ఊక, గడ్డి పరక, ఆకు అంచు కంటికి తగిలితే నల్లగుడ్డు మీద బూజు పుండు పడవచ్చు. ఆ కంట్లో స్టిరాయిడ్ పడితే పుండు లోపలికి పాకుతుంది. కన్నే పోవచ్చు. కంట్లో ఏదైనా పడ్డాక వచ్చిన ఎరుపుకు ఇంట్లో ఉన్న చుక్కలు ఎప్పుడూ వేయకండి.

షాపులో ఈ రెండు మాటలు అడగండి: "ఇందులో మందు పేరేంది? స్టిరాయిడ్ ఉందా?" ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ ఇచ్చినా అదే అడగండి. చదవడం రాకపోతే బడికి వెళ్లే మీ పిల్లలతో చదివించండి, లేదా లేబుల్ ఫొటో తీసి ఆశా అక్కకు పంపండి. అడగడంలో సిగ్గు లేదు. కన్ను మనది.

చుక్కలు ఎలా వేయాలి?

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసా మీద పేరు, గడువు తేదీ చూడండి. చెవి చుక్కలు, కంటి చుక్కలు ఒకే చోట పెట్టకండి. పొరపాటున అవి కంట్లో పడినవాళ్లు ఉన్నారు.

2. కాంటాక్ట్ లెన్సు ఉంటే తీసేయండి. చుక్కలు వేశాక కనీసం 15 నిమిషాలు ఆగి పెట్టుకోండి. కన్ను ఎర్రగా ఉంటే అసలు పెట్టుకోవద్దు.

3. తల వెనక్కి వంచి పైకి చూడండి. వేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగండి. అక్కడ చిన్న సంచిలా ఏర్పడుతుంది.

4. అందులో ఒక్క చుక్క వేయండి. కంట్లో ఒక చుక్కకే చోటు ఉంటుంది. రెండోది చెంప మీదికి కారిపోతుంది, మందు దండగ.

5. సీసా మూతి కంటికి, రెప్పకు, వేలికి తగలకూడదు. తగిలితే క్రిములు సీసాలోకి వెళ్తాయి.

6. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. మందు ముక్కులోకి, గొంతులోకి జారదు. చేదు కూడా తగ్గుతుంది.

7. రెండు రకాల చుక్కలు రాసి ఉంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగండి. ఆయింట్‌మెంట్ ఉంటే అది చివర.

పిల్లలు కన్ను తెరవకపోతే కొట్లాడకండి. వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని చెప్పి, ముక్కు వైపు మూలలో ఒక చుక్క వేయండి. తర్వాత కన్ను తెరిస్తే చుక్క లోపలికి జారుతుంది.

సీసా తెరిచిన రోజే దాని మీద తేదీ రాయండి. లేబుల్ మీద వేరేగా లేకపోతే తెరిచిన 28 రోజుల తర్వాత పారేయండి. మందు మిగిలినా సరే. డబ్బా మీద ఉండే గడువు తేదీ మూత తెరవని సీసాకు మాత్రమే. ఎండ తగలని చల్లని చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. అన్నకు రాసిన చుక్కలు చెల్లికి వేయకండి. ఒకే సీసా ఇంటిల్లిపాదికీ వద్దు.

చుక్కలతో పాటు చేయాల్సినవి

అన్నిటికంటే ముందు, కళ్లు నలపకండి. నలిపితే దురద ఇంకా పెరుగుతుంది. ఏళ్ల తరబడి గట్టిగా నలిపే పిల్లల్లో నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు రావచ్చు. "నలపకు" అని తిట్టడం కంటే దురద వచ్చినప్పుడు చల్లటి నీళ్లలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన కళ్ల మీద పెట్టడం నేర్పండి.

బయటి నుంచి రాగానే ముఖం కడుక్కోండి. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఇల్లు ఊడ్చే ముందు నీళ్లు చిలకరించండి లేదా తడి గుడ్డతో తుడవండి. బండి మీద, పొలం పనిలో కళ్లద్దాలు పెట్టుకోండి. వయ్యారిభామను పీకేటప్పుడు చేతికి, ముఖానికి రక్షణ ఉండాలి. పూత రాకముందే పీకేస్తే మంచిది.

చనుబాలు, ఆముదం, తేనె, ఉల్లి రసం, ఆకు పసర్లు కంట్లో పోయకండి. నందివర్ధనం పూలు చల్లగా ఉంటాయని మూసిన రెప్పల మీద పెట్టుకునే అలవాటు మన పెద్దలకు ఉంది. దాని రసం మాత్రం కంట్లో పిండవద్దు. దురద ఉన్నన్నాళ్లు కాటుక కూడా ఆపండి.

ఈ గుర్తులు ఉంటే ఆగకండి, అదే రోజు చూపించండి

- కంట్లో నొప్పి
- వెలుతురు చూడలేకపోవడం
- చూపు మసకబారి, రెప్పలార్చినా తేటపడకపోవడం
- ఒక్క కన్నే బాగా ఎర్రబడటం
- చిక్కటి పసుపు పుసి
- నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ
- ఊక, ముల్లు, రాయి, సున్నం, పురుగుమందు ఏదైనా కంట్లో పడటం

సున్నం, యాసిడ్, పురుగుమందు పడితే ముందు అక్కడికక్కడే శుభ్రమైన నీళ్లతో కనీసం 15 నుంచి 20 నిమిషాలు ధారగా కడగండి. ఆ తర్వాతే బయలుదేరండి.

చుక్కలు సరిగ్గా వేస్తున్నా వారం రోజుల్లో తగ్గకపోయినా, ఏటా తిరిగి వస్తున్నా కంటి డాక్టర్‌కు చూపించాలి. మన వేడి ప్రాంతాల్లో ఐదేళ్ల నుంచి పదిహేనేళ్ల పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, మొండి అలర్జీ ఒకటి వస్తుంది. చాలామందికి యుక్తవయసు వచ్చాక అదే తగ్గిపోతుంది. అప్పటిదాకా చూపు పాడవకుండా కాపాడటమే మన పని.

ఎక్కడికి వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగులో, 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైన రెండో విడతలో మీలో చాలామంది పరీక్ష చేయించుకొని అద్దాలు తీసుకున్నారు. మంచిది. కానీ అద్దాలు వచ్చాయి కాబట్టి కంటి పని అయిపోయిందని అనుకోకండి. దురదకు, ఒత్తిడికి వేరే పరీక్ష ఉంటుంది.

మొదట మీ పల్లె దవాఖానకు గానీ, పట్నంలో ఉంటే బస్తీ దవాఖానకు గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ వెళ్లండి. అవసరమైతే వాళ్లు ఏరియా ఆసుపత్రికి, జిల్లా ఆసుపత్రికి రాసిస్తారు. పెద్ద సమస్య అయితే హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రులే. ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలియకపోతే 104కు ఫోన్ చేసి అడగండి.

పిల్లల కోసం ఆర్‌బీఎస్‌కే, అంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు. ఈ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఏడాదికి ఒకసారి వచ్చి చూస్తాయి. చూపు లోపాలు కూడా అందులో ఉన్నాయి. మీ పిల్లవాడు కళ్లు నలుపుకుంటున్నాడని, చుక్కలు వాడుతున్నాడని టీచరమ్మకు ముందే చెప్పి పెట్టండి. బృందం వచ్చిన రోజు బడి మాన్పించకండి.

బయట కొనాల్సి వస్తే జన ఔషధి కేంద్రంలో డాక్టర్ రాసిన మందు పేరుతో అడగండి. కంపెనీ పేరు మారినా లోపలి మందు పేరు, శాతం ఒకటే ఉండాలి.

వచ్చేటప్పుడు ఇప్పటిదాకా వాడిన సీసాలన్నీ తీసుకురండి. ఖాళీవైనా, సగం ఉన్నవైనా సరే. మేము కోప్పడం. ఏ మందు ఎన్నాళ్లు పడిందో తెలిస్తేనే ఏ పరీక్ష చేయాలో మాకు తెలుస్తుంది. స్టిరాయిడ్ చుక్కలు చాలాకాలం వాడినట్టు ఇప్పుడు అనుమానం వస్తే భయపడకండి, ఆలస్యం మాత్రం చేయకండి. ఒత్తిడి ముందే పట్టుకుంటే చూపును కాపాడే మందులున్నాయి.

చివరగా

ఈ రోజు ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. టీవీ పక్కన, అలమరలో, ఫ్రిజ్ తలుపులో ఉన్న కంటి చుక్కల సీసాలన్నీ బయటికి తీయండి. గడువు దాటినవి, తెరిచి నెల దాటినవి ఒక సంచిలో వేయండి. ఆ ఐదు పేర్లలో ఏదైనా ఉన్నవి పక్కన పెట్టండి. అన్నీ తీసుకొని దవాఖానకు రండి. కలిసి చూద్దాం.

ఆ బాబు తల్లి ఇప్పుడు వాళ్ల వాడలో ఎవరి పిల్లలు కళ్లు నలుపుకున్నా ఆగి అడుగుతుంది: "సుక్కలేస్తున్నరా? సీసా ఏది, సూపియ్యుండ్రి." ఆమెకు చదువు రాదు. తీసుకొని మా దగ్గరికి వస్తుంది. మీరూ అలా అడగండి. మీ ఇంటి గ్రూపులో, మహిళా సంఘం గ్రూపులో దీన్ని పంపండి. చదవలేని వాళ్లకు చదివి చెప్పండి.